తుపానుకు స్వరాలు రాసినవాడు

ట్రక్కు లేదు.

రాత్రి ఆపిన చోట ఖాళీ జాగా కనిపిస్తోంది. 1999 జులై 4, ఆదివారం. దక్షిణ కాలిఫోర్నియాలో ఆరెంజ్ అనే ఊరు. అమెరికా స్వాతంత్ర్య దినం. దగ్గర్లోని అర్వైన్‌లో ఆ రోజే పెద్ద రాక్ ఫెస్టివల్. అందులో సోనిక్ యూత్ బ్యాండ్ వాయించాలి. వాయించడానికి చేతిలో ఒక్క తీగ కూడా లేదు.

గిటార్లు పోయాయి, బేస్‌లు పోయాయి, ఆంప్‌లు, పెడళ్లు, డ్రమ్ములు, దశాబ్దంన్నర పైగా ఊరూరా తిరుగుతూ ఒక్కొక్కటే ఏరుకుని, విప్పి, కోసి, మళ్లీ అతికించి, ఏ పాటకి ఏది కావాలో తేల్చుకుని దాచుకున్న సరంజామా అంతా, అద్దెకు తెచ్చుకున్న ఆ ట్రక్కుతో సహా, చీకట్లో ఎవరో తోలుకుపోయారు. పోలీసులకి ఫిర్యాదు వెళ్లింది. కానీ పోలీసులకి ఏం పోయిందని చెప్పాలి? గిటార్ అంటే గిటారే కదా. దుకాణంలో మళ్లీ కొనుక్కోవచ్చు కదా.

కొనుక్కోలేరు. దొంగలకి తెలియని సంగతి అదే.

లీ రానాల్డోకి అప్పుడు 43 ఏళ్లు. బ్యాండ్‌లో ఇద్దరు గిటారిస్టుల్లో ఒకడు. రెండోవాడు థర్స్టన్ మూర్. బేస్ మీద కిమ్ గోర్డన్, డ్రమ్స్ మీద స్టీవ్ షెల్లీ. 1981లో న్యూయార్క్‌లో మొదలైనప్పుడు వీళ్ల దగ్గర డబ్బుల్లేవు. తాకట్టు దుకాణాల్లో మూలపడ్డ చవక గిటార్లు కొన్నారు. వాటిని మామూలు శ్రుతిలో పెడితే నిలిచేవి కావు. అయితే మామూలు శ్రుతి ఎందుకు? బిరడాలు తమకి నచ్చినంతవరకు తిప్పారు. రెండు మూడు తీగలు ఒకే స్వరానికి తెచ్చారు. సన్నతీగ ఉండాల్సిన చోట లావుతీగ బిగించారు. తీగల కింద స్క్రూడ్రైవర్ దూర్చారు, డ్రమ్ కర్ర దూర్చారు. ఆ కర్ర ఎక్కడ ఆగితే అక్కడ గిటార్‌కి ఇంకో గుర్రం, అంటే తీగల్ని మోసే వంతెన, పుట్టినట్టే. దానికి ఇవతల ఒక స్వరం, అవతల ఇంకో స్వరం, మధ్యలో గుడి గంటలాంటి మోత.

అలా ఒక్కో గిటార్‌కి ఒక్కో శ్రుతి కుదిరింది. ఒక్కో శ్రుతిలోంచి ఒక్కో పాట పుట్టింది. కచేరీ మధ్యలో శ్రుతి మార్చే టైముండదు కాబట్టి పాటకో గిటార్ పట్టుకెళ్లేవాళ్లు. గిటార్ పోతే పాట పోయినట్టే. ఆ తెల్లవారుజామున ట్రక్కులో వెళ్లిపోయినవి చాలా పాటలు.

సాయంత్రం ఫెస్టివల్. జనం ఎదురు చూస్తున్నారు. వాళ్లు వేదిక ఎక్కుతారా?

ఎక్కారు. తోటి బ్యాండ్ల దగ్గర చేబదులు తీసుకున్న వాయిద్యాలతో ఎక్కారు. ఆ తర్వాత పోయినవాటి జాబితా రాసి లోకమంతా పంచారు. ఏ గిటార్‌కి ఏ మచ్చ ఉంది, దేనికి ఏ పికప్ మార్చారు, దేని మీద ఏ స్టిక్కర్ అంటించి ఉంది అని వివరంగా రాశారు. ఎక్కడైనా కనిపిస్తే చెప్పమని వేడుకున్నారు. ఏళ్లు గడిచాక కొన్ని గిటార్లు ఒకటీ అరా బయటపడ్డాయి. ఎక్కువ భాగం ఇప్పటికీ దొరకలేదు.

న్యూయార్క్‌కి తిరిగొచ్చాక స్టూడియో తలుపు తీశారు. లోపల మిగిలింది టూర్‌కి తీసుకెళ్లనక్కర్లేదని పక్కన పడేసిన పాత సామాను. మూలల్లోంచి దాన్ని బయటికి లాగారు.

* * *

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లాలి. ఎందుకంటే రానాల్డో చేతికి గిటార్ కంటే ముందు అలవాటైన పనులు వేరే ఉన్నాయి.

లాంగ్ ఐలండ్‌లో గ్లెన్ కోవ్ అనే ఊళ్లో 1956లో పుట్టాడు. బింగమ్‌టన్‌లో స్టేట్ యూనివర్సిటీలో చదివింది సంగీతం కాదు, చిత్రకళ. రంగులు కలపడం, లోహపు రేకు మీద సూదితో గీరి దానికి సిరా పూసి కాగితం మీద అచ్చు తీయడం. 1970ల చివర న్యూయార్క్ చేరాడు. గ్లెన్ బ్రాంకా అనే స్వరకర్త అప్పుడు ఎలక్ట్రిక్ గిటార్లని వాద్యబృందంలో వయొలిన్లని కూర్చోబెట్టినట్టు వరసగా నిలబెట్టి, గోడలు అదిరేలా మోగిస్తున్నాడు. ఆ వరసలో రానాల్డో చేరాడు. 1981లో వచ్చిన బ్రాంకా ఆల్బమ్ 'ది అసెన్షన్'లో వినిపించే గిటార్లలో ఒకటి ఇతనిదే.

అదే ఏడాది జూన్‌లో న్యూయార్క్‌లో నాయిస్ ఫెస్ట్ జరిగింది. ఎక్కడ? క్లబ్బులో కాదు. వైట్ కాలమ్స్ అనే ఆర్ట్ గ్యాలరీలో. తెల్లగోడల మధ్య, బొమ్మలు వేలాడదీసే చోట, తొమ్మిది రాత్రులు చెవులు చిల్లులు పడే మోత. దాన్ని నడిపినవాడు థర్స్టన్ మూర్. అక్కడే రానాల్డోకి పిలుపొచ్చింది: మా బ్యాండ్‌లోకి వస్తావా?

వెళ్లాడు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు అక్కడే ఉన్నాడు. 1988లో వాళ్లు చేసిన 'డేడ్రీమ్ నేషన్' ఇప్పుడు అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరిచే రికార్డుల జాబితాలో ఉంది. దాని అట్ట మీద జర్మన్ చిత్రకారుడు గెర్హార్డ్ రిక్టర్ గీసిన కొవ్వొత్తి. వీళ్ల లోకంలో బొమ్మకీ పాటకీ మధ్య గోడ మొదట్నుంచీ పల్చనే.

రానాల్డో సొంతంగా చేసిన మొదటి రికార్డు చూస్తే అది ఇంకా తేటగా తెలుస్తుంది. 1987లో వచ్చిన 'ఫ్రమ్ హియర్ టు ఇన్ఫినిటీ'. గ్రామఫోన్ ముల్లు ముక్క చివరికి వచ్చి ఆగదు. గాడి అక్కడే గుండ్రంగా మూసుకుపోయి ఉంటుంది. మీరు లేచి వెళ్లి ముల్లు ఎత్తేదాకా ఆ ఒక్క చుట్టే మోగుతుంది, గంటసేపైనా, రాత్రంతా అయినా. మరి రెండోవైపు? అక్కడ సగం చోటు బొమ్మది. ప్లాస్టిక్ మీద చెక్కిన బొమ్మ. చెవికి ఎంతో కంటికీ అంతే.

ఆ రోజుల్లో వ్యాన్‌లో, హోటళ్లలో, కచేరీ అయ్యాక చెవుల్లో హోరు తగ్గక ముందే నోటుబుక్కుల్లో రాసుకున్న టూర్ డైరీలు 1998లో పుస్తకంగా వచ్చాయి. పేరు 'జర్నల్స్ 80స్'. అప్పటికే కవితల సంపుటం 'రోడ్ మూవీస్' వచ్చేసింది. అదే 1998లో 'అమరిల్లో ర్యాంప్' అనే రికార్డు కూడా. టెక్సాస్‌లో మట్టితో, రాయితో నేల మీద పెద్ద వంపు కడుతూ, ఆ చోటుని విమానంలోంచి చూడబోయి 1973లో కూలి చనిపోయిన శిల్పి రాబర్ట్ స్మిత్‌సన్‌కి అది అంకితం. మిగిలిన పని స్మిత్‌సన్ భార్య నాన్సీ హోల్ట్, స్నేహితులు పూర్తిచేశారు. పాట అరగంట దాటుతుంది. మాటల్లేవు. గిటార్లు మట్టి కదిలినంత నెమ్మదిగా కదులుతాయి.

ఆ మరుసటి ఏడాదే ట్రక్కు పోయింది.

* * *

పాత సామానుతో చేసిన ఆల్బమ్ 2000 మే నెలలో వచ్చింది. 'ఎన్‌వైసీ గోస్ట్స్ అండ్ ఫ్లవర్స్'. అట్ట మీద బొమ్మ నవలా రచయిత విలియం బరోస్‌ది. టైటిల్ పాట రానాల్డో గొంతులో సగం పాట, సగం చదువు. బీట్ కవుల నీడ దాని మీద దట్టంగా ఉంది. సమీక్షకులు చీల్చి చెండాడారు. ఒక అమెరికన్ సంగీత పత్రిక పదికి మార్కు వేసింది: 0.0.

ఆ సున్నా అన్యాయం. మొత్తం ఆల్బమ్ గొప్పదని కాదు, కొన్నిచోట్ల నీరసంగానే నడుస్తుంది. కానీ ఇల్లు దోచుకుపోయిన వాళ్లు మిగిలిన రెండు గిన్నెలతో వండిన వంటలో ఉప్పు తక్కువైందని పళ్లెం విసిరేయడమేమిటి? ఆ దొంగతనం వీళ్ల పాత అలవాట్లని కూడా ఎత్తుకుపోయింది. కొత్త చేతివాటం అక్కడే మొదలైంది. చికాగో నుంచి వచ్చిన జిమ్ ఓరూర్క్ ఆ ఆల్బమ్‌కి సాయం చేశాడు, తర్వాత బ్యాండ్‌లో ఐదోవాడయ్యాడు.

తర్వాతి ఆల్బమ్ పని మొదలైంది. స్టూడియో పేరు ఎకో కాన్యన్. దిగువ మన్‌హాటన్‌లో, మర్రే స్ట్రీట్ మీద. అక్కడి నుంచి దక్షిణంగా కొద్ది దూరం నడిస్తే ప్రపంచ వాణిజ్య కేంద్రం.

2001 సెప్టెంబర్ 11, మంగళవారం. మబ్బు తునక లేని నీలాకాశం.

ఉదయం 8:46. ఉత్తర టవర్‌లోకి విమానం దూసుకుపోయింది. వీధుల్లో జనం తలెత్తి నిలబడిపోయారు. ఓరూర్క్ స్టూడియోలోనే ఉన్నాడు. రానాల్డో ఇల్లు కూడా ఆ చుట్టుపక్కలే. 9:03. రెండో విమానం దక్షిణ టవర్‌ని ఒకవైపు నుంచి చీల్చుకుంటూ వెళ్లింది, దాని ఇంజిన్ ఒకటి భవనాన్ని దాటి అవతలివైపు నుంచి బయటికొచ్చి, పొగలు చిమ్ముతూ, ఉత్తరం దిక్కుకి గాల్లో ఎగిరి, వీధుల మీదుగా వచ్చి పడింది.

పడింది మర్రే స్ట్రీట్ మొగలో.

తర్వాత టవర్లు కూలాయి. బూడిద వీధుల్ని మింగేసింది. కాగితాలు, సిమెంటు పొడి, పేరు పెట్టలేని కాలిన వాసన. మొదటి రోజుల్లో 14వ వీధికి దిగువన అడ్డుకట్టలు కట్టేశారు. స్టూడియో ఆ కట్టకి లోపలివైపు ఇరుక్కుపోయింది. టేపులు, వాయిద్యాలు, సగంలో ఉన్న పాటలు అన్నీ దుమ్ము కింద. అక్టోబర్‌లో లాస్ ఏంజిలిస్‌లో వీళ్లు బాధ్యత తీసుకుని జరపాల్సిన ఫెస్టివల్ తర్వాతి ఏడాది మార్చికి వాయిదా పడింది.

మళ్లీ అక్కడికి వెళ్లి వాయించగలరా? ఆ వీధిలోకి అడుగు పెట్టగలరా?

వెళ్లారు. 2002 జూన్‌లో ఆల్బమ్ వచ్చింది. దాని పేరు 'మర్రే స్ట్రీట్'. ఏడే పాటలు. విమానాల గురించి ఉపన్యాసం లేదు. ఏడుపు లేదు. రానాల్డో పాడిన 'కరెన్ రీవిజిటెడ్' ఒక్కటే 11 నిమిషాలు నడుస్తుంది. మొదటి కొన్ని నిమిషాలు పాట, ఆ తర్వాతంతా గిటార్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ, విడిపోతూ, సన్నగిల్లుతూ పోయే శబ్దం. ఆల్బమ్ పేరులోనే ఉంది కదా అంతా, ఇంక చెప్పడమెందుకు?

* * *

ఆ ఏళ్లలో అతని చేతులు గిటార్ మీదే లేవు.

టూర్‌లో బస్సు ముందు సీట్లో కూర్చుని రోడ్డుని గీయడం మొదలుపెట్టాడు. అద్దంలోంచి కనిపించే తారురోడ్డు, గీతలు, వంతెనలు, దూరంగా కలిసిపోయే అంచు. బండి కుదుపుకి పెన్సిల్ కూడా కదులుతుంది. ఆ వరసకి 'లాస్ట్ హైవే' అని పేరు. సూదితో రేకు మీద గీరే పాత విద్యకి మళ్లీ పని చెప్పాడు. ఈసారి లోహపు రేకు బదులు గ్రామఫోన్ రికార్డు తీసుకున్నాడు. పాట ఉన్న గాడుల మీదే అడ్డంగా గీరి, సిరా పూసి, కాగితం మీద అచ్చు తీశాడు. పేరు 'బ్లాక్ నాయిస్'. వినాల్సిన వస్తువు అలా గోడకెక్కింది.

2007లో 'హలో ఫ్రమ్ ది అమెరికన్ డెజర్ట్' అని కవితల పుస్తకం. ముడిసరుకు ఏమిటంటే చెత్త ఈమెయిళ్లు. మందులు అమ్ముతాం, కోట్లు గెలిచారు అంటూ వచ్చిపడే వాటిలో, కంప్యూటర్ జల్లెడని మోసం చేయడానికి ఇరికించే అర్థంలేని మాటల ముద్దలుంటాయి కదా, వాటిలోంచి వాక్యాలు ఏరి కవితలు చేశాడు. అన్నీ నిలబడవు. ఒకటి రెండు మాత్రం నిజంగా ఉలిక్కిపడేలా చేస్తాయి. పాడైపోయిన గిటార్‌నీ పారేయాల్సిన మెయిల్‌నీ ఈ మనిషి ఒకే కంటితో చూస్తాడు.

అదే ఏడాది నెదర్లాండ్స్‌కి చెందిన యూరి లాండ్‌మన్ అతని కోసం ఒక గిటార్ చేసిపెట్టాడు. పేరు మూన్‌ల్యాండర్. మొత్తం 18 తీగలు. ఆరు వాయించడానికి. పన్నెండు, మన సితార్‌లో తరబ్ తీగల్లాగా, ముట్టుకోకపోయినా తోడుగా మోగడానికి. 2009లో ఫెండర్ కంపెనీ రానాల్డో పేరు మీద నీలిరంగు జాజ్‌మాస్టర్ గిటార్ తెచ్చింది. మన్‌హాటన్ తాకట్టు దుకాణాల్లో చవక గిటార్ల కోసం దేవులాడినవాడి పేరుతో కొత్త గిటార్ షోరూముకెక్కింది.

అంతా కుదిరినట్టే ఉంది. 2011 అక్టోబర్‌లో కబురొచ్చింది.

మూర్, గోర్డన్ విడిపోతున్నారు. పాతికేళ్లు దాటిన కాపురం. బ్యాండ్‌కి వెన్నెముక ఆ జంటే. ఒప్పుకున్న కచేరీలు మిగిలాయి. నవంబర్ 14న బ్రెజిల్‌లో, సావో పాలో రాష్ట్రంలో పౌలీనియా అనే ఊళ్లో, ఆఖరిది. దీపాలు ఆరాయి. ముప్ఫై ఏళ్ల బ్యాండ్ అక్కడితో ఆగిపోయింది. మర్నాటి నుంచి రానాల్డో ఒంటరి గిటారిస్టు. 2012 మార్చిలో పాటల ఆల్బమ్ ఒకటి విడుదల చేసి, కొత్త జట్టు కట్టుకుని, మళ్లీ రోడ్డెక్కాడు.

ఏడాది తిరగలేదు. సముద్రం మీద సుడి పుట్టింది.

* * *

2012 అక్టోబర్ 28, ఆదివారం. న్యూయార్క్ మేయర్ బ్లూమ్‌బర్గ్ ఆదేశం: పల్లపు ప్రాంతాల్లో ఉన్న 3,75,000 మంది ఇళ్లు ఖాళీ చేయాలి. రాత్రి ఏడు గంటలకి సబ్‌వే రైళ్లు ఆగిపోయాయి. దుకాణాల ముందు ఇసుక బస్తాలు. అద్దాల మీద అడ్డంగా అంటించిన టేపులు. స్టాక్ ఎక్స్చేంజ్ మూసేశారు. వాతావరణం కారణంగా వరసగా రెండు రోజులు మూతపడటం 1888 తర్వాత అదే మొదటిసారి.

సోమవారం గాలి ముదిరింది. పైగా పున్నమి, సముద్రానికి ఆటుపోట్ల బలం కూడా తోడు. శాండీ అనే తుపాను తీరం వైపు తిరిగింది. సాయంత్రానికి హడ్సన్ నది, ఈస్ట్ నది, సముద్రం మూడూ కలిసి మన్‌హాటన్ కొసని మూడువైపుల నుంచీ నొక్కాయి. సుమారు ఎనిమిదిన్నరకి ఈస్ట్ 13వ వీధిలో విద్యుత్ ఉపకేంద్రం పేలింది. ఆకాశం ఒక్కసారి నీలంగా, ఆకుపచ్చగా మెరిసింది. మరుక్షణం 39వ వీధికి దిగువన దీపాలు గుంపులు గుంపులుగా ఆరిపోయాయి. తొమ్మిది దాటాక ఆ కొసన బ్యాటరీ అనే చోట నీటిమట్టం సుమారు 14 అడుగులకి చేరింది. ఈస్ట్ నది అడుగున ఉన్న సబ్‌వే సొరంగాల్లోకి ఉప్పునీళ్లు దూకాయి.

ఆ చీకట్లోనే, ఆ కొసలోనే, రానాల్డో ఇల్లు.

గాలి భవనంలోకి దూరుతోంది. సందుల్లోంచి, ఖాళీల్లోంచి, ఎక్కడ దారి దొరికితే అక్కణ్నుంచి. దూరినచోటల్లా మోగుతోంది. గాలి ఇరుకు సందు అంచుని కోసుకుంటూ పోయేటప్పుడు సుడులు తిరుగుతుంది, ఆ సుడుల వేగం లోపలి ఖాళీ స్థలానికి సహజంగా ఉండే స్వరానికి సరిపోతే ఆ ఖాళీ అంతా పలుకుతుంది. ఎన్ని సందులో అన్ని స్వరాలు. గాలి హెచ్చితే స్వరం జారుతూ పైకి పోతుంది. తగ్గితే కిందికి జారుతుంది. ఒకటి ఇంకోదాని మీద పడి, కలిసి, విడిపోయి, మళ్లీ కలుస్తుంది.

ఆ వీధుల్లో ఉన్న ఎవరికైనా అది భయం పుట్టించే హోరే. రానాల్డోకి అందులో స్వరాలు వినిపించాయి. ముప్ఫై ఏళ్లు శ్రుతి తప్పిన తీగల మధ్య బతికిన చెవి అది. ఏది ఏ స్వరమో పట్టగలదు. రికార్డర్ తీశాడు. గాలిని రికార్డు చేశాడు.

తెల్లారింది. గాలి తగ్గింది. కరెంటు మాత్రం రాలేదు.

దిగువ మన్‌హాటన్‌లో దాదాపు వారం చీకటి. కరెంటు లేకపోతే ఎత్తైన భవనాల్లో నీళ్లు పైకెక్కవు. వేడి ఉండదు. నవంబర్ చలి మొదలవుతోంది. ఎలక్ట్రిక్ గిటార్‌కి ఆంప్ కావాలి, ఆంప్‌కి కరెంటు కావాలి. కరెంటు లేని ఎలక్ట్రిక్ గిటారిస్టు ఏం చేస్తాడు?

అకౌస్టిక్ గిటార్ ఒళ్లోకి తీసుకున్నాడు. పాటలు కట్టడం మొదలుపెట్టాడు. హోరు కాదు, స్క్రూడ్రైవర్లు కాదు, కొవ్వొత్తి వెలుగులో కుటుంబం చెవినపడేంత నెమ్మదైన పాటలు. ఆ వారంలో మొలకెత్తినవే 2013 అక్టోబర్‌లో 'లాస్ట్ నైట్ ఆన్ ఎర్త్' ఆల్బమ్‌గా వచ్చాయి. డ్రమ్స్ మీద పాత తోడు స్టీవ్ షెల్లీ, ఇంకో గిటార్ మీద అలన్ లిక్ట్. జట్టు పేరు 'ది డస్ట్'.

కానీ రికార్డు చేసిన గాలి సంగతి?

అది అతన్ని వదల్లేదు. వినడం, ఆపడం, గిటార్ మీద వెతకడం, మళ్లీ వినడం. ఆ జారుడు స్వరాల్ని ఒక్కొక్కటే పట్టుకుని గిటార్‌కి రాసుకున్నాడు. అక్కడి నుంచి వయొలిన్లకి, వయొలాలకి, చెల్లోలకి. బాకీ రాసుకున్నట్టు తుపానుని కాగితం మీద రాశాడు. 'హరికేన్ ట్రాన్స్‌క్రిప్షన్స్' అని పేరు పెట్టాడు. దీన్ని 2013లో బెర్లిన్‌లోని కాలైడోస్కోప్ తీగవాద్య బృందం అతనితో కలిసి వాయించింది. సోమవారం రాత్రి మన్‌హాటన్ సందుల్లో మోగిన గాలి, అట్లాంటిక్ అవతల, కమానుల కింద నుంచి మళ్లీ వీచింది.

తుపాను మీద సానుభూతి పాటలు చాలామంది రాశారు. తుపాను పాడిందే రాసినవాళ్లు మాత్రం అరుదు.

* * *

ఇప్పుడు అతని కచేరీ చూడబోతే ఒక్కోసారి వేదిక మీద మనిషి కంటే ముందు గిటార్ కనిపిస్తుంది. పైకప్పు నుంచి తాడుకి వేలాడుతూ. అతను దాన్ని తోస్తాడు. గిటార్ ఊగుతుంది. స్పీకర్ దగ్గరికి వచ్చినప్పుడు కీచుమంటుంది, దూరం వెళ్లినప్పుడు గుయ్యిమంటూ లోతుకి దిగుతుంది. దాన్ని కమానుతో రాస్తాడు, కర్రతో కొడతాడు, వదిలేసి పక్కకి జరుగుతాడు. జనం మధ్యలోంచి తిప్పుతాడు. వెనక తెర మీద అతని భార్య, కళాకారిణి లియా సింగర్ సినిమా బొమ్మలు కదులుతుంటాయి. ఈ ప్రదర్శన పేరు 'కాంట్రె జూర్'. అంతకుముందు ఈ ఇద్దరూ చేసిన 'డ్రిఫ్ట్'లో అతని మాటలు, శబ్దాలు ఒకవైపు, ఆమె 16 ఎంఎం ఫిల్ములు రెండోవైపు. ఎవరు వాయిస్తున్నారో, ఎవరు చూపిస్తున్నారో విడదీసి చెప్పడం కష్టం.

లియా సొంతూరు కెనడాలోని విన్నిపెగ్. ఆ ఊళ్లో నార్త్ ఎండ్ అనే పేట ఉంది. అక్కడ వీధులకి ఆడవాళ్ల పేర్లు. ఒక వీధి దాటితే ఇంకో పేరు. ఎవరివో, ఎందుకు పెట్టారో బోర్డు చెప్పదు. నడుస్తూ నడుస్తూ ఆ పేర్లు రాసుకున్నాడు. 2020లో స్పెయిన్ సంగీతకారుడు రౌల్ రెఫ్రీతో కలిసి వాటిని పాటగా మార్చాడు. ఆల్బమ్ పేరు 'నేమ్స్ ఆఫ్ నార్త్ ఎండ్ విమెన్'.

అందులో మరింబా ఉంది, వైబ్రఫోన్ ఉంది, శాంప్లర్లు ఉన్నాయి, పాత టేప్ మెషిన్ తిరుగుతుంది. గిటార్ చాలా తక్కువ. అతని రికార్డులు ఎప్పుడూ విననివాళ్లు మొదలుపెట్టాల్సింది దీనితోనే.